పెళ్లికాయకు ధ్రువపత్రం

కొత్తపేట మండల తహసీల్దారు గారి సముఖమునకు,
పలివెల గ్రామ కాపురస్తుడు చిట్టూరి అమ్మిరాజు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: విమానంలోనికి రానివ్వని ఎండు కొబ్బరికాయ ఒకటి (కురిడీ, పై పీచు డొక్కతో సహా, రంగు వేసినది) ఎవరికిని అపాయం కలిగించునది కాదని తమ ముద్రతో ధ్రువపత్రం ఇప్పించుట గురించి. మిక్కిలి తొందర.

సూచిక: విమానాశ్రయ కౌంటరు ఉద్యోగి సూర్యతేజ గారి నోటిమాట. (కాగితం మీద ఇమ్మని అడిగితిని. ఇవ్వలేదు.)

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను పలివెలలో పుట్టి, అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో గుమాస్తాగా ఉండి, మొన్నటి నెలాఖరుకు ఆ పని మానుకొన్నవాడను. మా వీధిలో కుళాయి రాకపోయినా, రేషను కార్డులో పేరు తప్పు పడినా, పంటబోదె పూడిపోయినా అర్జీ రాసేది నేనే. తమ కార్యాలయానికి ఇదివరకు అందిన అర్జీలలో "తక్షణమే" అను మాట కింద రెండు గీతలు ఉన్నవన్నీ నా చేతిరాతలే. ఇంతకాలం పరుల పనులకే రాసితిని. సొంత పనికి కలం పట్టుకొనుట ఇదే మొదలు. ఉదయం నుంచి కాగితాలు చించుచునే ఉన్నాను. కూర్చుంటే లేవాలనిపించుచున్నది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియుట లేదు. కనుక అక్షరాలు వంకర పోయిన చోట మన్నించగలరు.

2. నా భార్య ఉమామహేశ్వరి మస్కట్ నగరంలో ఒక పళ్ళ డాక్టరు గారి దగ్గర నర్సుగా పని చేయుచున్నది. పెళ్ళయిన మూడో ఏట వెళ్ళినది. అప్పటి నుంచి వేసవిలో సెలవు మీద వచ్చుట, తెచ్చిన పెట్టె పూర్తిగా విప్పకముందే మళ్ళీ కట్టుకొని పోవుట, ఇదీ మా కాపురం. మొన్న వేసవిలోనూ అలాగే వచ్చి వెళ్ళినది. ఈ ఏడు ఆమె అక్కడ నానా అవస్థ పడి నాకు కుటుంబ వీసా సంపాదించినది. వంటిల్లు ఉన్న ఇల్లు అద్దెకు తీసుకొన్నది. నాకు ఒక కూరగాయల దుకాణంలో పని కూడా కుదిర్చినది. ఇక మా కాపురం అక్కడే. ఆ నమ్మకంతో నేను ఇక్కడి ఇల్లు ఖాళీ చేసి, గిన్నెలు చుట్టాలకు పంచి, మంచం కూడా ఇచ్చివేసితిని. విమానం తప్పి తిరిగి వచ్చిన తరువాత మంచం వెనక్కి అడుగుట బాగుండదు గనుక, ప్రస్తుతం ఈ ఊరిలోనే ఉన్న అత్తవారింటి అరుగు మీద చాప వేసుకొని పడుకొనుచున్నాను. దారిన పోయే ప్రతివారును "ఇంకా వెళ్ళలేదా అండి" అని అడిగి పోవుచున్నారు. అందరూ మర్యాదగానే అడుగుచున్నారు. అదే భరించలేకపోవుచున్నాను.

3. సామాను సంగతి. విమానం వారు ఒక మనిషికి ముప్పై కిలోలు, చేతిలో ఏడు కిలోలు అని హద్దు పెట్టినారు. కాపురమంతా ఆ హద్దులో సర్దవలెను. నేను మా కొట్టులో కొబ్బరి తూచే కాటా యజమానిగారిని అడిగి ఇంటికి తెచ్చుకొంటిని. ఒక వస్తువు పెట్టుట, తూచుట, తీసివేయుట. ఇట్లు వారం దినములు. పెట్టెలో నా బట్టలు ఎన్ని తీసినా బరువు దిగలేదు. కారణమేమనగా, ఉమ తెమ్మనగా అంబాజీపేట బజారులో నేను కొన్న సరుకంతా పచ్చళ్ళే. మాగాయ, చింతకాయ తొక్కు, ఉసిరికాయ, నిమ్మకాయ, మామిడి తాండ్ర. ఇదివరకు ఆమెకు పులుపు గిట్టేది కాదు. ఎడారి దేశం గాలి వలన నోరు చేదెక్కి ఉండునని నేను అనుకొంటిని.

ప్రయాణానికి ముందటి శుక్రవారం ఆమె ఫోను చేసినది. శుక్రవారం అక్కడ సెలవు. లైను సరిగా లేదు, మాట వచ్చుట, తెగుట. అయినను ఆమె అన్న మాట నాకు స్పష్టంగా జ్ఞాపకం ఉన్నది.

"ఇవన్నీ లేకపోయినా పరవాలేదు గానండీ, కాయ మాత్రం మర్చిపోకండి. అమ్మనడగండి, అమ్మకి తెలుసు."

నేను "ఆయ్, తప్పకుండా తెస్తాను" అంటిని. "మీకు అర్థమయిందా" అని అడిగినది. అర్థం కాకపోవడమేమిటి అంటిని. అంతట ఆమె ఫోనులోనే ఏడ్చినది. నవ్వుతూ ఏడ్చినది. నేను కూడా ఏడ్చితిని. ఒక కొబ్బరికాయకు ఇద్దరు పెద్దవాళ్ళు ఏడ్చుట తమకు వింతగా ఉండవచ్చును. కనుక ఆ కాయ ఏదో విన్నవించుకొనెదను.

4. మా పెళ్ళిలో ఉమ చేత పట్టుకొని పీటల మీదకు వచ్చిన బొండం అది. ఆకుపచ్చ రంగు మీద పసుపు తీగలు గీసి, నా పేరును ఆమె పేరును రాయించినారు. తమరును చాలా పెళ్ళిళ్ళలో చూచి ఉందురు. పెళ్ళయ్యాక ఆ బొండాన్ని ఎవరింట్లో వారు ఏదో చేస్తారు. మా అత్తవారింటి ఆనవాయితీ వేరు. దానిని అటక మీద పెట్టుదురు. తొలి చూలు బిడ్డను ఉయ్యాలలో వేసిన రోజున దించి, కొట్టి, ముక్కలు వీధంతా పంచుదురు. అంతదాకా ఎవరూ ముట్టరాదు. ఉమ అక్కగారి కాయ ఏడాది తిరగకుండానే దిగినది.

నేను కొబ్బరి కొట్టు మనిషిని గనుక, పెళ్ళినాడే లేత బొండం వద్దని, బాగా ముదిరిన కాయ ఏరి తెచ్చితిని. అందుచేత మా కాయ కుళ్ళలేదు. లోపల నీరు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి, కురిడీ అయి కూర్చున్నది. ఊపితే లొడలొడమని పలుకును. తొమ్మిదేళ్ళుగా అటక మీదనే ఉన్నది. మధ్యలో రెండుసార్లు అత్తయ్యగారు ముచ్చటపడి అటకకు నిచ్చెన వేయించినారు. రెండుసార్లూ కొద్ది నెలలకే ఆ నిచ్చెన ఎవరూ మాట్లాడకుండా తీసి పెరట్లో పెట్టినారు. ఇంతకంటె వివరం అర్జీలో రాయలేను.

పేరంటానికి వచ్చినవారు మంచినీళ్ళు తాగుచు అటక వైపు చూచెదరు. తల ఎత్తకుండా మంచినీళ్ళు తాగలేరు గదండీ, పాపం, అని ఉమ నవ్వేది. ఆ నవ్వు నాకు ఇష్టం ఉండేది కాదు. అందుచేత ఆమె ఫోనులో కాయ తెమ్మన్నప్పుడు నేను గ్రహించినది ఇది: మేము ఇక ఈ ఊరికి కాపురానికి రాము. మా కాయను నలుగురి కళ్ళ కింద విడిచిపెట్టి పోవుట ఆమెకు ఇష్టం లేదు. అక్కడ మా ఇంట్లో ఏ అలమరలోనో పెట్టుకొందుము. తల ఎత్తి చూచేవారు ఉండరు. ఇట్లు నాకు నేను చెప్పుకొని, అత్తయ్యగారిని పోయి "ఉమ కాయ అడిగిందండి" అంటిని. ఆవిడ అటక వైపు ఒకసారి చూచినారు. తరువాత నిచ్చెన తెమ్మన్నారు. దించి, పమిట చెంగుతో దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయినారు. తనకు కూడా ఆశ పోయిందని కూతురే ఆవిడకు చెప్పి పంపినట్టు అయినది.

5. మొన్న సోమవారం విమానం. మన ప్రాంతంవారిని విమానాల దగ్గర దింపి వచ్చే శ్యామ్ బాబు కారులో హైదరాబాదు చేరితిని. పెట్టెను కొబ్బరి తాడుతో బిగించి, నాలుగు వైపులా నా పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంచితిని. కౌంటరు దగ్గర తూచగా మా కాటాకూ వారి కాటాకూ మూడు కిలోలు తేడా వచ్చినది. మా కాటా తప్పని నేను ఒప్పుకొనను. అయినను తాడు విప్పి, పెట్టె నేల మీద తెరిచి, పచ్చడి డబ్బాలు నలుగురూ చూడగా పక్కకు పెట్టి, పెట్టెలోని ప్యాంటు ఒంటి మీది ప్యాంటు పైన తొడిగి, చొక్కాలు మూడు ఒకదాని మీద ఒకటి వేసుకొంటిని. చంకలు ఆడలేదు. చేతులు రెండు పక్కలకూ నిలిచిపోయినవి. అయినను బరువు సరిపోయినది. నేను సంతోషించితిని.

ఆ సంతోషంలో ఉండగానే పెట్టె లోపలికి పోయి వెనక్కి వచ్చినది. సూర్యతేజ అను కుర్ర ఉద్యోగి నన్ను పక్కకు పిలిచి, ఇందులో గుండ్రంగా ఉన్నది ఏమిటని అడిగినాడు. కురిడీ అంటిని. అతనికి ఆ మాట తెలియలేదు. కుడుకలా అని అడిగినాడు. కుడుక అంటే సగం చెక్క, కురిడీ అంటే కాయ, లోపల కొబ్బరి గుండుగా ఉంటుంది అని చెప్పి, నమ్మకం కలుగుటకు చెవి దగ్గర పెట్టి ఊపి చూపితిని. అయ్యా, అది నా పొరపాటు. మూడు చొక్కాల మనిషి ఒక రంగుల గుండును ఊపుచుండగా లోపల ఏదో లొడలొడమన్నది. వెనకాల నిలుచున్నవారు రెండడుగులు వెనక్కి వేసినారు.

ఎండిన కొబ్బరికాయలో నూనె ఉంటుందట. వేడెక్కి తనంతట అంటుకొనునట. పెట్టెలోనూ వద్దు, చేతిలోనూ వద్దు, అది నియమం అన్నాడు. నియమం తప్పని నేను అనను. తేమ పట్టిన కొబ్బరి గోతాల్లో కుక్కితే వేడెక్కుట నేను కొట్టులో కళ్ళారా చూచినదే. కాని ఇది ఒక్క కాయ. తొమ్మిదేళ్ళు మండు వేసవుల్లో పెంకుల కింద ఉండి ఇంతవరకు అంటుకోనిది, మస్కట్ వెళ్ళే కాసేపటిలో అంటుకొనునా అని అడిగితిని. అతను ఓర్పుగానే విన్నాడు. విని, పక్కనున్న పెద్ద డబ్బా చూపి, అందులో వేసేసి వెళ్ళండి సార్, టైము అయిపోతోంది అన్నాడు.

నేను డబ్బా దగ్గరికి వెళ్ళితిని. అందులో అగ్గిపెట్టెలు, కత్తెరలు, సగం తాగిన నీళ్ళ సీసాలు ఉన్నవి. కాయ మీద నా పేరు పక్కన ఆమె పేరు ఉన్నది. రంగు వెలిసినా చదవవచ్చును. చేయి చాచితిని. వేయలేకపోయితిని. మళ్ళీ చాచితిని. ఆ కాయ తెమ్మని ఏడ్చిన మనిషి అవతల విమానాశ్రయంలో నిలుచుని ఉండును. ఏదండీ అంటే ఏమి చెప్పవలెను?

తిరిగి వచ్చి, ఏ కాగితం తెస్తే పంపుతారండి అని అడిగితిని. అప్పటికి వెనక వరుస పెరిగిపోయినది.

"మీ ఎమ్మార్వో దగ్గర నుంచి ఇది బాంబు కాదని రాయించుకు రండి సార్, చూద్దాం" అన్నాడు.

వెనకవారు నవ్వినారు. అది వెటకారమని శ్యామ్ బాబు దారి పొడవునా నాకు చెప్పుచునే ఉన్నాడు. కాని ఉద్యోగంలో ఉన్న మనిషి, మెడలో గుర్తింపు కార్డు వేలాడుచుండగా, కౌంటరు అవతల నిలుచుని అన్న మాట వెటకారం ఎట్లగును? దానినే పైన సూచికగా చూపితిని. విమానం నేను లేకుండానే వెళ్ళిపోయినది.

6. నిన్న మా గ్రామ సచివాలయానికి పోతిని. అక్కడి అమ్మాయి దుర్గాభవాని నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, కంప్యూటరులో చాలా శ్రద్ధగా వెతికినది. కులం, ఆదాయం, నివాసం, జననం, మరణం ఉన్నవి గాని కాయకు లేదన్నది. దగ్గరగా ఉన్నది దీపావళి బాణసంచా దుకాణం అనుమతి ఒక్కటేనట. అది పెట్టమంటారా బాబాయిగారూ అని అడిగినది. మంచి పిల్ల. వద్దంటిని. అందుచేత నేరుగా తమ గుమ్మానికి వచ్చుచున్నాను.

7. ఇది ఫిర్యాదు కాదు. అయినను రాయక తప్పదు. సోమవారం సాయంత్రం విమానాశ్రయం బయట నిలుచుని ఉమకు ఫోను చేసితిని. కాయ పోనివ్వలేదు, దానికోసం ఆగిపోయితిని అని చెప్పితిని. సంతోషించకపోయినా, నా అవస్థ అర్థం చేసుకొనునని అనుకొంటిని.

"దానికోసం ఆగిపోయారా? అది ఇక్కడ కూడా దొరుకుతుందండీ. మీరే దొరకరు" అన్నది.

అయ్యా, నాకు కోపం వచ్చినది. మా పెళ్లికాయ మస్కట్ బజారులో దొరుకునా? మా పేర్లు అక్కడ ఎవరు రాసి పెట్టినారు? ఆ మాటే అడిగితిని. కొంచెం గట్టిగానే అడిగితిని. నేను లైను పోయిందనుకొంటిని. తరువాత, "మీకు అర్థమయిందనుకున్నాను" అని ఫోను పెట్టివేసినది. అప్పటి నుంచి ఎత్తుట లేదు. సోమవారం ఎత్తలేదు, మంగళవారం ఎత్తలేదు. ఈ ఉదయం నుంచి ఎన్నిసార్లు చేసితినో లెక్క లేదు. నాకు ఏమి అర్థం కాలేదో నాకు అర్థం కాకున్నది. అన్నం పళ్ళెం ముందు పెట్టుకొని కాయ ఊపుచు కూర్చుంటున్నాను. అత్తయ్యగారు చూచి చూచి కాయను చేతిలోంచి తీసుకొని పోవుచున్నారు. కాసేపటికి నేను మళ్ళీ తెచ్చుకొనుచున్నాను.

8. వచ్చే శనివారానికి మరొక టిక్కెట్టు తీసితిని. వీసా గడువు ఆ మరునాటితో సరి. శనివారం దాటితే ఆమె పడిన అవస్థ అంతా మళ్ళీ మొదటికి వచ్చును. కాయ లేకుండా పోతే ఆమె ముఖం చూడలేను. కాయ పట్టుకొని ఇక్కడ ఉంటే ఆమె ముఖమే చూడలేను. ఇది నా స్థితి.

కావున తమను వేడుకొనునది:

అ) ఈ కింది విధముగా ధ్రువపత్రం ఇప్పించవలెను. తమకు శ్రమ లేకుండా నేనే రాసి ఉంచితిని: "ఇందుమూలముగా ధ్రువీకరించడమేమనగా, పలివెల గ్రామ కాపురస్తులు చిట్టూరి అమ్మిరాజు వద్ద ఉన్న కాయ, కాయయే గాని వేరొకటి కాదు. దీని నడవడి తొమ్మిది సంవత్సరములుగా సంతృప్తికరముగా ఉన్నది."

ఆ) అది వీలుకాని పక్షమున, ఎన్నికల పెట్టెలు భద్రపరచు గదిలో ఒక మూల ఈ కాయను ప్రభుత్వ సంరక్షణలో ఉంచుకొని రసీదు ఇప్పించవలెను. ఆ రసీదు ఉమకు చూపుకొనెదను.

ఇ) రెండునూ వీలుకాకపోయిన, నా భార్యకు నేను ఏమి చెప్పవలెనో తమ కార్యాలయపు కాగితం మీద రాయించి ఇప్పించవలెను. నేను చెప్పుచున్నది సరిపోవుట లేదు.

దయగల తమరు పై సంగతులన్నియు చిత్తగించవలెను. చిత్తగించుటకు తీరిక లేని పక్షమున, ముందు సంతకం చేసి పిమ్మట చిత్తగించినను నాకు అభ్యంతరం లేదు.

జతపరచినవి: కాయ ఒకటి (తెచ్చి చూపగలను, విడిచి పోలేను).

తమ విధేయుడు,
శనివారం వరకు పలివెల కాపురస్తుడు,
చిట్టూరి అమ్మిరాజు

తా.క.: పై అర్జీ పూర్తి చేసి సంతకం పెట్టితిని. అర్జీ రాసిన తరువాత ఎవరికైనా ఒకసారి వినిపించుట నా అలవాటు. ఇంట్లో అత్తయ్యగారు తప్ప ఎవరూ లేరు. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. మొదటి అంశం, రెండవ అంశం ఊరికే విన్నారు. మూడవ అంశంలో పచ్చళ్ళ పేర్లు రాగానే చేయి ఆపినారు.

"అది ఫోనులో అన్న మాట మళ్ళీ చదవండి అల్లుడుగారూ" అన్నారు.

చదివినాను. కాయ మాత్రం మర్చిపోకండి, అమ్మనడగండి, అమ్మకి తెలుసు.

"కాయ అందా, కాయం అందా?"

"కాయ అనే రాశానండి."

"మీరు రాసింది కాదండి. అది అన్నది."

నేను ఆ మాట పైకి అని చూసుకున్నాను. కాయ మాత్రం. కాయం మాత్రం. అయ్యా, తమరును ఒకసారి పైకి అని చూడండి. నోటితో అంటే రెండిటికీ తేడా లేదు. సున్న పోయి పక్కనున్న మకారంలో కలిసిపోతుంది. అత్తయ్యగారు చిక్కుడుకాయల పళ్ళెం కింద పెట్టేసి, గోడకు ఆనుకుని, కాసేపు కళ్ళు మూసుకున్నారు. "పులుపు అడిగిందని నాతో ఒక్కరైనా చెప్పేరు కాదు" అన్నారు.

కాయం అంటే తమకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఇంట్లో అమ్మగారిని అడగండి. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము దంచి, బెల్లపు పాకంలో నేతితో ఉడికించి, నల్లగా ముద్దలా చేసి బాలింతకు పెడతారు. నేను ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాట నాకు తెలియనిది కాదు. కాని తొమ్మిదేళ్ళలో మా ఇంట్లో ఆ మాటతో పని పడలేదు. వినే అలవాటు లేని చెవికి కాయే వినబడింది.

వెంటనే ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తింది. "కాయం" అని ఒక్క మాట అన్నాను. సున్న బాగా వినబడేటట్టు అన్నాను.

అవతల నుంచి "ఇప్పుడా అండీ" అంది.

తరువాత తనే చెప్పింది. ఇదివరకు రెండుసార్లు అందరికీ చెప్పి, రెండుసార్లూ ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అందుకని ఈసారి చెప్పకుండా అడిగిందట. అయిదో నెల దాటేదాకా ఎవరితోనూ అనకూడదని, నేను ఎదురుగా వచ్చి నిలుచున్నాకే పైకి అనాలని అనుకుందట. ఫోనులో నేను "ఆయ్" అన్నప్పుడు నాకు తెలిసిపోయిందనుకుని ఏడ్చిందట. అలాంటి మనిషిని పట్టుకుని నేను విమానాశ్రయం బయట, మూడు చొక్కాలు వేసుకుని, గట్టిగా మాట్లాడాను. సిగ్గుగా ఉంది. చాలా సంతోషంగా కూడా ఉంది. రెండూ ఒకేసారి వచ్చి కూర్చోనివ్వడం లేదు. అర్జీలో ఇవన్నీ రాయకూడదని తెలుసు. ఇంకెవరితోనూ అనకూడదని ఒట్టు వేయించుకుంది గనక తమతో చెబుతున్నాను. తమరు ప్రభుత్వం వారు, రహస్యం బయట పెట్టరు.

అర్జీ మళ్ళీ మొదటి నుంచి రాసే వ్యవధి లేదు. కావున విషయం మొదలుకొని వేడుకోలు వరకు, పోనివ్వమని నేను అడిగిన ప్రతిచోటా కాయకు తమరే ఒక సున్న చేర్చి చదువుకోవలెను. సున్న గనక బరువు లెక్కలోకి రాదు. ధ్రువపత్రం ఇస్తే సంతోషం. ఇవ్వకపోయినా శనివారం నేను విమానం ఎక్కుతాను. సూర్యతేజ గారు కాయం సీసాను డబ్బాలో వేయమంటే వేసేస్తాను. అది అక్కడ కూడా దొరుకుతుందట.

అత్తయ్యగారు అప్పుడే మిరియాలు వేయిస్తున్నారు. ఆ ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు, కళ్ళ నీళ్ళు. ఎవరైనా వచ్చి చూస్తే మిరియాల వల్లనే అని చెప్పుకోవచ్చు.

కాయ ఎక్కడికీ రాదు గనక జతపరచినవాటిలోంచి కొట్టివేయగలరు. దాని పని ఇక్కడే ఉంది. ఇందాకనే నేను నిచ్చెన ఎక్కి, ఊపకుండా, దాని చోట దాన్ని పెట్టి వచ్చాను. దిగి నిచ్చెన భుజాన వేసుకుని పెరట్లోకి తీసుకుపోబోతుంటే అత్తయ్యగారు వంటింట్లోంచి కేక వేశారు.

"దాన్ని అక్కడే ఉండనివ్వండి అల్లుడుగారూ."

మళ్ళీ అటకకు ఆనించి పెట్టాను.